ఎడమవైపు జానెడు

నేను ఒక తైలవర్ణ చిత్రాన్ని. పేరు గొప్పగా ఉంది కదా అని దండాలు పెట్టకండి. మూరల లెక్కన కొన్న గుడ్డ, అవిసె నూనెలో కలిపిన రంగులు, వెనక నాలుగు కర్రబద్దలు, ఇంతే నా సంగతి. నాలో ఒక ఏరు సముద్రంలో కలుస్తూ ఉంటుంది. భీమిలి దగ్గర గోస్తని. వెనక పావురాళ్ళ కొండ, ఒడ్డున నీళ్ళమీదికి వాలిపోయిన తాటిచెట్టు, ఇసకలోకి లాగి పెట్టిన పడవ. ఇప్పుడు చూసేవాళ్ళకి ఆ పడవ ముక్కు కనబడదు. సగం పడవేమిటి, మిగతా సగం ఏమైంది అని ఇన్నేళ్ళలో ఒక్క పుణ్యాత్ముడూ అడగలేదు. మనుషులు బొమ్మని చూడటమంటే ఇంతే లెండి.

నన్ను వేసినవారు సదాశివుడు మాస్టారు. భీమిలి బళ్ళో డ్రాయింగు చెప్పేవారు. వేయించింది ఒక చిన్న జమీందారు గారు. జమీలు రద్దయి చాలా కాలమైనా ఆయన మీసం మాత్రం రద్దు కాలేదు. ఆయన బంగళా సరిగ్గా సముద్రం ఒడ్డున ఉండేది. కిటికీ తలుపు తోస్తే సముద్రమే. అయినా సరే గోడమీద ఇంకో సముద్రం కావలసి వచ్చింది ఆయనకి.

"మాస్టారూ, మనుషులొద్దు సుమండీ. మనుషుల్ని రోజూ చూసి చస్తూనే ఉన్నాం. కొండా, నీళ్ళూ, ఆకాశం. అంతే చాలు" అన్నారు.

మాస్టారు సరేనన్నారు. గొడుగు పాతుకుని, ముక్కాలి పీట వేసుకుని ఒడ్డున కూర్చున్నారు. రోజూ పొద్దున్నే చేపల గంప నెత్తిన పెట్టుకుని ఒక జాలారి మనిషి అటు పోయేది. పేరు పోలమ్మ. చంకలో ఏడాది పిల్ల. పోయేది పోకుండా మాస్టారి వెనక నిలబడి నన్ను చూసి మేలమాడేది.

"ఏటి బాబూ, నీ పడవ నిన్న ఎక్కడున్నాదో ఇయాలా అక్కడే ఉన్నాది? ఏటకెప్పుడెల్తాది?"

మాస్టారు నవ్వేవారు. పల్చటి మనిషి, మాటకారి కాదు. బళ్ళో పిల్లలు ఏడిపిస్తే కూడా నవ్వేసేవారు. ఒకరోజు పోలమ్మ గంప దించి, చెంగుతో మొహం తుడుచుకుని అంది, "నన్నూ ఎయ్యకూడదేటి బాబూ? ఎయ్యి. మా గుంట పెద్దదయినాక సూసుకుంటాది."

జమీందారు గారి మాట మాస్టారికి గుర్తు లేకపోలేదు. అయినా వేశారు. నా ఎడమవైపు అంచున, పడవ ముక్కు పక్కన, ఎర్రచీర కట్టుకుని చంకలో పిల్లతో పోలమ్మ. మనిషి మొత్తం అరచెయ్యంత. మొహం గోరంత. కొండనంతా రెండు పూటల్లో పూర్తి చేసినాయన ఆ గోరంత మొహం దగ్గర రోజులకి రోజులు కూర్చున్నారు. ఎండ ఎదురుగా కొడుతోందేమో, ఎడమ కన్ను చికిలించి నవ్వుతోంది. గడ్డం మీద పచ్చబొట్టు చుక్క. చివర ఆమె పాదాల కింద, ఇసకలో, తెలుగులో తన పేరు రాసుకున్నారు మాస్టారు.

పోలమ్మ చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఓలమ్మో, నానిలాగుంతానా!" అని తోటి ఆడవాళ్ళని కేకేసి పిలిచింది. అందరూ మూగి, ఒకళ్ళనొకళ్ళు తోసుకుని నవ్వారు. నన్ను చూసి అంత సంతోషపడ్డవాళ్ళని మళ్ళీ నేను చూడలేదు. నాకు ప్రాణమంటూ ఏదైనా ఉంటే అది ఆ పూట వచ్చిందే.

జమీందారు గారు నన్ను గోడకెక్కించాక గానీ ఆ మూల మనిషిని గమనించలేదు. మొహం చిట్లించి, "సర్లే, దూరంగానే ఉందిగా" అని వదిలేశారు.

మరుసటి ఏడు పోలమ్మ విషజ్వరంతో చనిపోయింది. ఫొటోలూ గిటోలూ ఎక్కడివి వాళ్ళకి? పిల్లని అమ్మమ్మ పెంచింది. ఆ ముసలామె అప్పుడప్పుడూ పిల్లని ఎత్తుకుని బంగళా కిటికీ దగ్గరికి వచ్చేది. కాపలావాడు మంచి ఊపులో ఉంటే ఊరుకునేవాడు, లేకపోతే తరిమేవాడు. "అల్లదిగో, ఎర్రకోక. అదే మీ యమ్మ. సంకలో ఉన్నది నువ్వే" అనేది. పిల్ల ఊచలకి ముక్కు ఆనించి చూసేది. పాపం, కిటికీకీ నాకూ మధ్య పెద్ద హాలు. ఎర్రచీర కనబడేది గానీ అంత దూరం నించి గోరంత మొహం ఏం కనబడుతుంది?

జమీందారు గారు పోయాక వారసులు బంగళా అమ్మేశారు. సామాన్లు వేలం వేశారు. ఆ తరవాత పిల్ల కిటికీ దగ్గరికి వచ్చే ఉంటుంది, ఖాళీ గోడ చూసే ఉంటుంది. నేనప్పటికి ఎద్దుబండిలో, కుర్చీల కింద బోర్లా పడున్నాను.

విశాఖపట్నంలో ఒక కాఫీ హోటలు నన్ను కొనుక్కుంది. చేతులు కడుక్కునే తొట్టి పైన మేకు కొట్టి తగిలించారు. తిన్నవాళ్ళు తిన్నట్టు చేతులు కడిగి, నా మీద విదిలించి పోయేవారు. దసరాకి యజమాని కాఫీ గింజల మరకీ, గల్లాపెట్టెకీ బొట్లు పెట్టి, ఆ చేత్తోనే నా కొండకీ, పడవకీ, తాటిచెట్టుకీ కూడా పెట్టేవాడు. పిల్లనెత్తుకున్న ఎర్రచీర మనిషిని ఏ అమ్మవారనుకున్నాడో ఏమో, ఆ మూల అగరొత్తులు కూడా గుచ్చేవాడు. పొగకి నేను నల్లబడ్డాను. అయినా ఆ హోటలంటే నాకు కోపం లేదు. పోలమ్మకి ఎవరైనా దండం పెట్టారంటే అక్కడే.

హోటలు మూతపడ్డాక పాతసామాన్ల కొట్లో దుమ్ము తిన్నాను. అక్కడ నించే నన్ను నరసింహరాజు గారు తీసుకెళ్ళారు.

ఆయన సంగతి చెప్పాలి. భీమవరం వైపు నించి విశాఖపట్నం వచ్చి రొయ్యల ఎగుమతిలో బాగా కలిసొచ్చిన మనిషి. మంచివాడు, నోటికి తీపి. ఆయనకో పిచ్చి ఉంది. పాతకాలపు ప్రకృతి దృశ్యాలు, వాటికి నగిషీ చెక్కిన పాతకాలపు ఫ్రేములు. హాలు నిండా అవే. ఒక్కో బొమ్మ మీదా చిన్న దీపం, కింద ఇత్తడి రేకు. సాయంత్రం దీపాలన్నీ వేసి, చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కో బొమ్మ ముందూ ఆగి ఆగి నడిచేవారు. ఆ ప్రేమ దొంగప్రేమ అని మాత్రం నేను అననండి.

కానీ ఆయన పద్ధతే వేరు. ఎవరైనా బొమ్మ దొరికాక ఫ్రేము చూస్తారు. ఈయన ముందు ఫ్రేము కొంటారు, తరవాత దానికో బొమ్మని వెతుకుతారు. కూల్చేసిన ఏదో కోటలో నిలువుటద్దానికున్న ఫ్రేము ఒకటి ఆయనకి దొరికింది. టేకు మీద తీగలు, చిలకలు, పువ్వులు, పైన బంగారు పూత. డాబు చెప్పనలవి కాదు. ఖాళీగా గోడకి చేరబడి ఉన్న ఆ ఫ్రేము గారికి సంబంధం చూస్తూ చూస్తూ నా దగ్గరికొచ్చి ఆగారు. చిక్కల్లా ఒకటే, నేను దానికంటే వెడల్పు.

పటాలు కట్టే మస్తాన్ గారిని పిలిపించారు. ఆయన కొలతబద్ద పెట్టి చూసి తల గోక్కున్నాడు.

"ఫ్రేము చిన్నదండి. దీన్ని విప్పి, మధ్యలో ముక్క వేసి పెంచమంటారా?"

"అమ్మో! ఫ్రేము ముట్టుకున్నావంటే ఊరుకోను. బొమ్మనే సరిచెయ్యి."

"అయితే ఎడంపక్క ఓ జానెడు పోద్దండి మరి."

రాజుగారు వంగి చూశారు. "ఏవుందయ్యా అక్కడ? ఎవరో పల్లెమనిషి. కోసెయ్. కొండా, నీళ్ళూ ఉంటే చాలు."

మస్తాన్ గారు కొట్టుకి తీసుకెళ్ళి నన్ను బల్లమీద పరిచాడు. కత్తి తీశాడు. కానీ రంగు మీద కత్తి పెట్టడానికి ఆయనకి చెయ్యి రాలేదు. కాసేపు ఆ మొహంకేసి చూసి, కత్తి పక్కన పెట్టి, ఆ జానెడూ వెనక్కి మడిచి, కర్రబద్దకి చిన్న మేకులు కొట్టి, పైన అట్ట వేసి అంటించేశాడు. ఈ సంగతి రాజుగారికి చెప్పలేదు. చెప్పవలసినంత సంగతి అనుకోలేదు. తరవాత కొంత కాలానికి మస్తాన్ గారూ పోయాడు.

అప్పట్నించీ పోలమ్మ గోడవైపు తిరిగి ఉంది. ఆమెతో పాటు మాస్టారి పేరూ వెనక్కి పోయింది కాబట్టి రాజుగారికి అడ్డులేకుండా పోయింది. 'ప్రకృతి దృశ్యం, అజ్ఞాత ఐరోపా చిత్రకారుడు' అని ఇత్తడి రేకు కొట్టించారు.

"నూటయాభై ఏళ్ళ నాటిదండి. ఎవరో దొర వేశాడు. ఇటలీ అనుకుంటాను" అనేవారు వచ్చినవాళ్ళతో.

"అవునండోయ్, ఇటలీలానే ఉంది" అని వాళ్ళూ తలాడించి, ఫ్రేము మీద చిలకల్ని నిమిరి, కాఫీ తాగి వెళ్ళేవారు. తాటిచెట్టుకేసి చూసినవాడు లేడు.

ఆ ఇంటి పెరటి గుమ్మంలోకి చేపలమ్మే ఆమె ఒకతె వచ్చేది. ఏళ్ళ తరబడి గొంతు వింటున్నాను గానీ మనిషిని చూడలేదు. రాజుగారి భార్య కనకదుర్గమ్మ గారితో బేరం ఆడేటప్పుడు ఆ గొంతు ఖంగుమనేది. ఒకరోజు పెరట్లో టైల్సు వేస్తున్నారని ఆమెని హాల్లోంచి రమ్మన్నారు. అరవై దాటిన మనిషి. గంప నెత్తిన పెట్టుకుని, పాలరాతి మీద నీళ్ళు కారకుండా చెంగు పట్టుకుని గబగబా పోతున్నది నా ముందుకొచ్చి నిలబడిపోయింది. కన్ను చికిలించి చూసింది. ఎడమ కన్ను.

అమ్మా తల్లీ! అదే కన్ను. నాకు వెంటనే తెలిసిపోయింది.

"అమ్మగోరూ, ఇది మా బీంలీ" అంది.

"కాదే కాశమ్మా, అది ఇటలీ."

"ఇటలీయేటమ్మా? ఇది పావురాల్ల కొండ కాదేటి? ఇది మా ఏరు కాదేటి? ఈ వొంగున్న తాడిసెట్టు తుపానుకి పడిపోయినప్పుడు నాను కల్లారా సూసినాను." గంప కిందకి దించేసింది. దగ్గరికొచ్చి ఇసకంతా వెతికింది, పడవ దగ్గర వెతికింది, ఫ్రేము అంచు వెంట వేలు పెట్టి వెతికింది. అప్పుడు చిన్నపిల్ల గొంతుతో, "మా యమ్మేదమ్మా?" అంది.

రాజుగారు మేడ దిగి వచ్చారు. కాశమ్మ ఉన్నదంతా చెప్పుకుంది. మాస్టారు, కిటికీ, అమ్మమ్మ, ఎర్రకోక. "మా యమ్మ మొకం ఎలాగుంటాదో నాకు తెల్దు బాబూ. నాకు తెలివొచ్చీసరికి మడిసి నేదు. ఈ బొమ్మలోన ఉన్నాదనే తెలుసు. నా పెళ్ళినాడు అనుకున్నాను, నా కొడుకు పుట్టినప్పుడు అనుకున్నాను, ఒక్కపాలి ఆ బొమ్మ అగుపిస్తే బాగున్ను అని. ఎవులు పట్టుకుపోనారో తెల్దు. ఇన్నేల్లూ మీ గుమ్మంలోకి సేపలు తెచ్చినాను బాబూ, ఈ గోడ ఎనకాలే ఉన్నాదని నాకేటి తెలుసు?"

రాజుగారు ఫ్రేము ఎడమ అంచుకేసి చూశారు. ఆయనకి గుర్తొచ్చింది. అబద్ధం చెప్పి తప్పించుకునే మనిషి కాదు, తనకి తెలిసిన నిజమే చెప్పారు. "ఉండేదమ్మా. ఎడంపక్క చివర ఎవరో ఆడమనిషి ఉండేది. ఫ్రేముకి పట్టలేదని కోసెయ్యమన్నాను. ఆ ముక్క ఎప్పుడో పోయింది కాశమ్మా."

కాశమ్మ వంగి గంప అందుకుంది. "కోసీసినారా" అంది. మళ్ళీ తనే, "పోన్లే బాబూ, తమరికేటి తెలుసు" అంది. వెళ్ళబోతూ నా ఎడమ అంచున ఫ్రేము మీద అరచెయ్యి ఆనించింది. ఆ చెక్క వెనక, ఆ చేతికి బెత్తెడు దూరంలో, వాళ్ళమ్మ ఉంది. చంకలో తనూ ఉంది. ఇక్కడేనే తల్లీ, ఇక్కడే, వెనక్కి తిప్పి చూడవే అని నేను ఎంత మొత్తుకున్నానో! నోరు లేని బతుకు ఎంత దరిద్రపు బతుకో ఆ రోజు తెలిసింది నాకు.

ఆ రోజు రాజుగారు చేప ముట్టలేదు. వారం రోజులు నా దీపం వెయ్యలేదు. చివరికి ఆయనకో ఆలోచన వచ్చింది. ఆర్ట్ కాలేజీలో పాఠాలు చెప్పే ఒకాయన్ని పిలిపించి, "ఇక్కడ ఇసకలో ఎర్రచీర కట్టుకున్న ఆడమనిషిని వెయ్యండి" అన్నారు.

ఆయన నన్ను అటూ ఇటూ పరికించి చూసి, "సార్, దీన్ని ఓసారి దించి వెనక చూద్దామా? కొందరు కొయ్యకుండా లోపలికి మడుస్తూ ఉంటారు" అన్నాడు.

దించండి బాబూ, దించండి! రాజుగారు కూడా ఒక్క క్షణం ఊగిసలాడారు. రెండు చేతులూ వేసి ఫ్రేముని కొద్దిగా పైకెత్తారు. ఫట్‌మని పువ్వు రేకొకటి ఊడి ఆయన చేతిలో పడింది. ఆయన చేతులు తీసేశారు.

"వద్దు వద్దు. ఇది మళ్ళీ కట్టేవాళ్ళు లేరు, మస్తాన్ పోయాడు. నేనే కొయ్యమన్నాను, నాకు బాగా గుర్తు. మీరు బొమ్మ గోడమీద ఉండగానే కానివ్వండి."

ఆ కాలేజీ ఆయన బల్ల వేసుకుని అలాగే కానిచ్చాడు. ఆయన తప్పేం లేదు, చెప్పింది చేశాడు. గోధుమ రంగు ఒళ్ళు, పెద్ద పెద్ద కళ్ళు, వాలుజడ, నడుం మీద ఇత్తడి బిందె. చీర మాత్రం ఎర్రటిదే. నా ఇసకలో కొత్త రంగు తడి తగులుతుంటే ఒళ్ళు జలదరించింది. ముందువైపు ఈ వగలాడి, వెనకవైపు పోలమ్మ. ఇద్దర్నీ నేనే మొయ్యాలి.

కాశమ్మని కబురంపి పిలిపించారు. తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, కొప్పులో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. గంప లేకుండా ఆ ఇంటికి రావడం అదే మొదటిసారి. రాజుగారే స్వయంగా దీపం వేశారు.

"ఇదిగో కాశమ్మా. మీ అమ్మ."

చాలాసేపు చూసింది. "ఇంత తెల్లగుండేదేటి?" అంది. తనే సర్దుకుంది. "ఉండేదేమోలే. మా యమ్మమ్మ సెప్పనేదు."

మళ్ళీ చూసి, "గుంటేదీ బాబూ? నాను సంకలో ఉండాల గదా" అంది.

రాజుగారు నసిగారు. "పిల్లని కూడా వేస్తే అక్కడ మరీ నిండుగా అయిపోతుందన్నాడమ్మా. అందుకని బిందె పెట్టాడు."

"ఉప్పునీల్లకాడ బిందెందుకు బాబూ?" అని కాశమ్మ నవ్వేసింది. ఎడమ కన్ను చికిలించి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. తరవాత చెంగు భుజం చుట్టూ కప్పుకుని ఆ బిందె మనిషికి దండం పెట్టింది. రాజుగారు కళ్ళు తుడుచుకున్నారు. తన తప్పు దిద్దుకున్నానని ఆయన మనసు కుదుటపడింది. కనకదుర్గమ్మ గారు ఫోనులో ఫొటో తీసి, పెద్దది చేయించి ఇచ్చారు. దాన్ని ప్లాస్టిక్ ఫ్రేములో క్షణంలో బిగించి ఇచ్చారట కొట్టువాళ్ళు. కాశమ్మ ఇంట్లో దానికి దండ వేసి, రోజూ దీపం పెడుతోందని, మనవలకి 'మా యమ్మ' అని చూపిస్తోందని ఆమె నోటనే విన్నాను. సంతోషంగానే చెప్పింది. నేనేం చెయ్యను?

ఇప్పుడు ఆమెకి హాల్లోకి రావడానికి అనుమతి ఉంది. చేపలిచ్చి, సబ్బుతో చేతులు కడుక్కుని, వచ్చి కాసేపు నా ముందు నిలబడుతుంది. ఒకోసారి ఆ బిందె మనిషితో మాట్లాడుతుంది. కొడుకు తాగుడు సంగతి, మోకాళ్ళ నొప్పుల సంగతి. నా వెనక ఉన్నామె అవన్నీ వింటుందేమోనని నాకో భ్రమ.

భ్రమ కూడా ఎంతో కాలం ఉండేట్టు లేదు. సముద్రం గాలి, పైగా పోయిన వానలకి గోడ చెమ్మ పట్టింది. మస్తాన్ గారు అంటించిన అట్ట కుళ్ళి జారిపోయింది. మడత దగ్గర రంగు ఎప్పుడో బీటలు వారింది. చెదపురుగులు మాస్టారి పేరు తినేశాయి. పడవ ముక్కు పోయింది. తరవాత పాదాలు, చీర కుచ్చిళ్ళు, చంకలో పిల్ల. ఈ మధ్య మొహం మొదలైంది. పచ్చబొట్టు చుక్క పోయింది. చికిలించిన కన్ను ఒక్కటీ ఇంకా అంటుకుని ఉంది, ఎన్నాళ్ళుంటుందో చెప్పలేను. రాలిన రంగంతా పొడిపొడిగా గోడ వెంట జారి, నా కింద ఉన్న నల్లటి బల్లమీద పడుతుంది.

మొన్న కాశమ్మ వచ్చినప్పుడు అది చూసింది. వంగి, చెంగుతో బల్ల శుభ్రంగా తుడిచింది.

"అమ్మగోరూ, మా యమ్మ బొమ్మ కింద ఎర్రదుమ్ము పడతన్నాది. తుడిసీసినాను" అని లోపలికి కేకేసింది.

"మంచిపని చేశావే" అన్నారు కనకదుర్గమ్మ గారు వంటింట్లోంచి.

కాశమ్మ పెరటి గుమ్మంలోకి వెళ్ళి, చెంగు రెండుసార్లు దులుపుకుని, గంప నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది.